కెమెరా కొత్తది కొనాలా, సెకండ్ హ్యాండ్‌దా: సీమలో ఉండేవాళ్లు తేల్చుకునే పద్ధతి

కర్నూలు నుంచి హైదరాబాదుకు, అనంతపురం నుంచి బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్ల పైచిలుకు. కడప నుంచి చెన్నై అంతకన్నా దూరం. కెమెరా కొత్తదా, పాతదా అన్న లెక్కలో ఈ దూరం కూడా ఒక ఖర్చే. సిటీలో ఉన్నవాళ్లు పాత బాడీ (లెన్స్ లేని కెమెరా) కొని, అది మొండికేస్తే పొద్దున్నే సర్వీస్ సెంటర్లో ఇచ్చి పనికి పోతారు. మనకు ఇచ్చి రావడానికి ఒక రోజు, తెచ్చుకోవడానికి ఇంకో రోజు. ముహూర్తాల్లో ఆ రెండు రోజులంటే రెండు పెండ్లిళ్లు. అందుకే సిటీ వాళ్లు చెప్పే "పాతదే లాభం" అన్న మాటను ఇక్కడ నేరుగా పట్టుకోకూడదు. ఏ వస్తువు చెడిపోతే ఇంట్లో కూర్చుని సరిచేసుకోలేమో దాన్ని కొత్తగా కొనాలి. ఏది చెడిపోయే గుణం తక్కువో దాన్ని పాతగా కొనాలి. ఇక్కడ పనికొచ్చే సూత్రం ఇదే.

ముందు పని ఏదో తేల్చుకోండి

పెండ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, సీమంతాలు తీసి సంపాదించే కెమెరా వేరు. ఆదివారం గండికోట లోయకో, రోళ్లపాడు కృష్ణజింకల కోసమో తీసుకుపోయే కెమెరా వేరు. మొదటిది మధ్యలో ఆగితే డబ్బుతో పాటు మాట కూడా పోతుంది. తాళి కట్టే క్షణాన్ని మళ్లీ తీయలేం.

సంపాదనకు మీ దగ్గర ఉండబోయేది ఒక్కటే బాడీ అయితే దాన్ని కొత్తగానే కొనండి, వీలైతే రెండు కార్డు స్లాట్లు ఉన్నది. ఒకటి ఇప్పటికే ఉండి రెండోది కావాలంటే పాతది హాయిగా కొనొచ్చు. అయితే రెండోది అదే మౌంట్ (లెన్స్ తగిలించే అమరిక), అదే బ్యాటరీది అయి ఉండాలి. కెనాన్‌లో ఎల్‌పీ-ఈ6 రకం బ్యాటరీ 5డీ మార్క్ 2 నుంచి ఆర్6 దాకా పడుతుంది. అలాంటి జత దొరికితే సంచిలో చార్జర్లు తగ్గుతాయి, ఒక బాడీ బ్యాటరీ ఇంకోదాన్ని ఆదుకుంటుంది.

నేర్చుకోవడానికే అయితే ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. పెండ్లి స్టూడియోలు మిర్రర్‌లెస్‌కు (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాలకు) మారిపోయాక డీఎస్ఎల్ఆర్‌లు (అద్దం ఉన్న పాత రకం) చవకయ్యాయి. నికాన్ డీ5600, కెనాన్ 200డీ, 1500డీ లాంటివి మంచి స్థితిలో దొరికితే రెండేళ్లు వాడి కొంచెం తక్కువకు మళ్లీ అమ్ముకోవచ్చు. నేర్చుకునేవాళ్లు వారంటీ కోసం ఎక్కువ పెట్టడం కంటే ఆ మిగులును లెన్స్ మీద పెట్టడం మేలు.

కాగితం మీద లెక్క వేయండి

అమ్మేవాళ్లు చూపించే బిల్లు ధరతో బేరం మొదలుపెట్టకండి. ఈ రోజు అదే మోడల్ కొత్తది అంగట్లో ఎంతకు ఇస్తున్నారో మూడు చోట్ల కనుక్కోండి. పెట్టె మీద ఉండే ఎంఆర్‌పీ కాదు, నిజంగా బిల్లు వేసే ధర కావాలి. మోడల్ ఆగిపోయి ఉంటే దాని స్థానంలో వచ్చిన మోడల్ ధర చూడండి.

ఉదాహరణకు మూడేళ్ల కిందట 1,60,000కు కొన్న బాడీ ఇప్పుడు కొత్తది 1,20,000కు వస్తోందనుకోండి. అమ్మే మనిషి లక్ష చెప్పి, "అరవై వేలు తగ్గించినా కదన్నా" అంటాడు. కానీ మీకు మిగిలేది 20,000 మాత్రమే. అందులోంచి కొత్త బ్యాటరీ, సెన్సర్ (బొమ్మను పట్టే చిప్) క్లీనింగ్, చూసి రావడానికి బస్సు చార్జీలు తీసేయండి. షట్టర్ (సెన్సర్ ముందు తెరుచుకుని మూసుకునే తెర) మార్పించాల్సి వస్తే అయ్యే ఖర్చుకు కొంత పక్కన పెట్టండి. దానికి ఎంతవుతుందో ఆ మోడల్ పేరు చెప్పి సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి ముందే అడగండి. ఇవన్నీ పోగా మిగిలేదేమీ ఉండదు.

మా లెక్క ఇది: వారంటీ అయిపోయిన బాడీ ఈనాటి కొత్త ధరలో 60 శాతం దాటితే వదిలేయండి. వారంటీ ఇంకా ఆరు నెలలుండి, బిల్లు ఉంటే 75 దాకా పోవచ్చు. మంచి లెన్స్‌కు 65, 70 శాతం పెట్టినా నష్టం లేదు, ఎందుకంటే లెన్స్ ధర బాడీ ధరలా కూలిపోదు.

జీఎస్టీ నంబరు ఉన్న స్టూడియోలు ఇంకో లెక్క మరిచిపోతుంటాయి. కెమెరాల మీద జీఎస్టీ 18 శాతం. రెగ్యులర్ పద్ధతిలో పన్ను కట్టేవాళ్లు తమ నంబరు వేయించుకుని కొత్తది 1,18,000కు కొంటే 18,000 ఇన్‌పుట్ క్రెడిట్ (మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునే మొత్తం) వస్తుంది. అంటే అసలు పడేది లక్షే. బెంగళూరులో కొని ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీది జీఎస్టీ) కట్టినా ఈ క్రెడిట్ దొరుకుతుంది. అదే కెమెరాను రిజిస్ట్రేషన్ లేని మనిషి దగ్గర 90,000కు పాతది కొంటే క్రెడిట్ ఏమీ రాదు. తేడా పదివేలే అయినప్పుడు పాతదాని జోలికి పోనక్కర్లేదు. ఈ పద్ధతిలో లేనివాళ్లకు ఈ లెక్క వర్తించదు.

ఏది కొత్త, ఏది పాత

గాజుకు ముసలితనం నెమ్మదిగా వస్తుంది. కరెంటుతో నడిచేవి త్వరగా పాడవుతాయి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం నిర్ణయాలు వాటంతట అవే తేలిపోతాయి.

ఖరీదైన లెన్స్‌లు పాతవి కొనండి. కెనాన్ 70-200 ఎఫ్/2.8 ఐఎస్ మూడో వెర్షన్ 2018లో వచ్చింది. 2010లో వచ్చిన రెండో వెర్షన్‌కూ దానికీ లోపలి గాజుల అమరిక ఒకటే, మారింది ముఖ్యంగా పైపూతలు. మంచి స్థితిలో రెండోది దొరికితే మూడోదానికి ఎక్కువ పెట్టాల్సిన పనిలేదు. 50 ఎఫ్/1.8 లాంటి చిన్న లెన్స్‌లు మాత్రం కొత్తవే తీసుకోండి. పాతది కొంటే మిగిలే కొద్దిపాటికి ఇన్ని పరీక్షలు, ప్రయాణం దండగ.

పాత లెన్స్‌లలో మౌంట్ తికమక ఎక్కువమందిని ముంచుతుంది. నికాన్ ఏఎఫ్-డీ లెన్స్‌లకు లోపల ఫోకస్ మోటార్ ఉండదు. డీ3500, డీ5600 లాంటి బాడీల్లో కూడా లేదు. కాబట్టి "50 ఎఫ్/1.8 డీ చవగ్గా వచ్చింది" అని తెచ్చుకుంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టి నికాన్ మిర్రర్‌లెస్ జెడ్ బాడీకి తగిలించినా అంతే. కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్స్‌లు 5డీ, 6డీ లాంటి ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) డీఎస్ఎల్ఆర్‌లకు ఎక్కవు. ఈఎఫ్ లెన్స్‌లు మాత్రం అడాప్టర్‌తో కెనాన్ మిర్రర్‌లెస్ ఆర్ఎఫ్ బాడీల మీద చక్కగా నడుస్తాయి. అందువల్ల ఇవాళ పాత ఈఎఫ్ లెన్స్ కొని రేపు మిర్రర్‌లెస్‌కు మారినా డబ్బు వృథా కాదు.

బ్యాటరీలు, మెమరీ కార్డులు, చార్జర్లు ఎప్పుడూ కొత్తవే. పాత బ్యాటరీ 100 శాతం చూపిస్తూనే ఇరవై నిమిషాల్లో చచ్చిపోతుంది. పెద్ద బ్రాండ్ల పేరుతో నకిలీ కార్డులు బాగా తిరుగుతున్నాయి. పైన 128 జీబీ అని ఉంటుంది, లోపల అంతకన్నా చాలా తక్కువ. నిండాక పాత ఫోటోల మీదే రాసుకుంటుంది. కొత్త కార్డయినా మొదటి రోజు కంప్యూటర్‌లో పెట్టి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో నిండా రాయించి, తిరిగి చదివించి చూడండి. గంట, రెండు గంటలు పట్టే పని, తప్పించుకోకండి.

ఫ్లాష్‌లు కూడా కొత్తవే మేలు. ట్యూబు ఎన్నిసార్లు వెలిగిందో చెప్పే లెక్క లేదు. తప్పక పాతది తీసుకోవాల్సి వస్తే ఫుల్ పవర్‌లో వరుసగా ఇరవై సార్లు వెలిగించండి. మధ్యలో సెకన్లు పెరుగుతూ పోయినా, ట్యూబు చివర్లు నల్లబడి ఉన్నా వద్దు. ఫిల్మ్ కాలపు ఫ్లాష్‌లు కొన్ని హాట్‌షూ (కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే చోటు) మీదకు వందల వోల్టులు పంపుతాయి. వాటిని డిజిటల్ బాడీకి తగిలించకండి.

ట్రైపాడ్లు, లైట్ స్టాండ్లు, సాఫ్ట్‌బాక్సులు, సంచులు పాతవి నిశ్చింతగా కొనండి. డ్రోన్ సంగతి వేరు. ఎగిరే వస్తువు, బ్యాటరీ పాతది, పైగా డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం దానికి యూఐఎన్ (ప్రతి డ్రోన్‌కు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు) నంబరు ఉండాలి, అమ్మినప్పుడు అది మీ పేరుకు మారాలి. ఆ నంబరు చూపించలేనివాళ్ల దగ్గర కొనకండి.

ఎప్పుడు, ఎక్కడ

ఆషాఢంలో ముహూర్తాలుండవు, మూఢాల్లోనూ అంతే. చేతిలో పని లేని ఆ రోజుల్లోనే స్టూడియోల వాళ్లు పాతవి తీసేసి శ్రావణానికి కొత్తవి తెచ్చుకోవాలని చూస్తారు. కొనేవాళ్లకు బేరం కుదిరేది అప్పుడే. మాఘం ముందర అడిగితే ఎవరూ తగ్గరు.

ఊర్లో తెలిసిన స్టూడియో అయితే ఆ కెమెరా ఎక్కడ, ఎన్ని ఫంక్షన్లు తిరిగిందో నలుగురికీ తెలిసి ఉంటుంది. ఆ సమాచారానికి విలువ కట్టలేం. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాయి పాలిషింగ్ దుమ్ములో తిరిగిన బాడీకీ, ఏసీ స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటోలు తీసిన బాడీకీ మోడల్ ఒకటే అయినా ఆరోగ్యం వేరు. హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీ కెమెరా అంగళ్లలో ఎంపిక ఎక్కువ, అక్కడికక్కడే పోల్చి చూసుకోవచ్చు. కానీ మాటల మీద వారంటీ నమ్మకండి. "ఒక నెల గ్యారంటీ" అంటే బిల్లు మీద రాయించుకోండి.

సముద్రం పక్కన ఊళ్ల నుంచి వచ్చిన లెన్స్‌లను ఒకటికి రెండుసార్లు చూడండి. చెన్నై, కాకినాడ, విశాఖ గాలిలో తేమ ఎక్కువ, అక్కడి లెన్స్‌లకు ఫంగస్ త్వరగా పడుతుంది. ఏడాదికి 550 మి.మీ. దరిదాపు వాన పడే అనంతపురంలో ఆ బెడద తక్కువ. మనకు పట్టేది దుమ్ము.

ఆన్‌లైన్ ప్రకటనల్లో ఒక మోసం పదేపదే జరుగుతోంది. మిలిటరీలో పనిచేస్తున్నానని, ట్రాన్స్‌ఫర్ అయిందని, కొరియర్‌లో పంపుతానని, ముందు కొంత వేయమని అంటారు. వస్తువు చేతిలో పట్టుకోకుండా ఒక్క రూపాయి కూడా వేయకండి. మీరు అమ్మేటప్పుడు కూడా జాగ్రత్త: డబ్బు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. స్కాన్ చేసి పిన్ కొడితే మీ డబ్బే పోతుంది. పోయిన వెంటనే 1930కి ఫోన్ చేయండి.

పోకముందే షట్టర్ కౌంట్ తెప్పించుకోండి

షట్టర్ కౌంట్ అంటే షట్టర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు కొట్టిందో ఆ లెక్క. ఇవాళే తీసిన ఒక జేపీజీ ఫోటో పంపమని అడగండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే లోపలి వివరాలు ఊడిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపమనండి. నికాన్ ఫైళ్లలో, చాలా సోనీ మోడళ్ల ఫైళ్లలో కౌంట్ ఉంటుంది. ఎక్సిఫ్‌టూల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చదవొచ్చు. కెనాన్ ఫైళ్లలో సాధారణంగా ఉండదు, బాడీని యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిపి చూడాలి.

కంపెనీలు చెప్పిన షట్టర్ ఆయుష్షు నికాన్ డీ3500కు లక్ష, డీ750కి, కెనాన్ 5డీ మార్క్ 4కు లక్షన్నర, డీ850కి 2 లక్షలు, కెనాన్ ఆర్6కు 3 లక్షలు, ఆర్5కు 5 లక్షలు. ఇవి పరీక్షించి చెప్పిన అంకెలే తప్ప హామీలు కావు. అంతకు ముందే పోయేవీ ఉంటాయి, రెట్టింపు నడిచేవీ ఉంటాయి. ఒక పెండ్లికి 2,500 క్లిక్కులు, ఏడాదికి 40 పెండ్లిళ్లు వేసుకుంటే ఏడాదికే లక్ష. మూడేళ్లు పెండ్లిళ్లు తిరిగిన బాడీలో 20,000 కౌంట్ కనిపిస్తే సంతోషపడే ముందు ఎందుకో అడగండి. షట్టర్ మార్చి ఉండొచ్చు, లేదా బాడీ పూర్తిగా వీడియోకు వాడి ఉండొచ్చు. వీడియో గంటలు, సైలెంట్ షట్టర్ ఫోటోలు మెకానికల్ షట్టర్ లెక్కలోకి రావు, సెన్సర్, బోర్డు వేడెక్కి అలిసిపోయి ఉన్నా సరే.

చేతిలోకి తీసుకున్నాక

పగటి పూట పోండి, గంట సమయం ఇస్తేనే వస్తానని ముందే చెప్పండి. వెంట తీసుకుపోవాల్సినవి: ఖాళీ కార్డు, ల్యాప్‌టాప్, చిన్న టార్చి, ఒక తెల్ల ఏ4 కాగితం, ఒక దినపత్రిక, గాలి బ్లోయర్, మీ ఫ్లాష్. లెన్స్ కొనడానికి పోతుంటే మీ బాడీ కూడా.

మొదట స్క్రూలు చూడండి. తలల మీద గీతలుంటే ఎవరో విప్పారు. "రిపేరు రాలేదు" అన్న మాట, ఆ గీతలు రెండూ కలిపి నిజం కావు. అడుగున ట్రైపాడ్ రంధ్రం చుట్టూ అరుగుదల, హాట్‌షూ పట్టాల మీద రంగు పోవడం వాడకానికి గుర్తులు, అవి తప్పు కాదు. మూల నొక్కుకుపోయి ఉంటే కింద పడింది. మౌంట్ రింగు చుట్టూ సందు ఒకవైపు ఎక్కువగా కనిపిస్తే ఆ బాడీ వద్దు.

తర్వాత సెన్సర్. ఈ పరీక్షకు మీ గంటలో ఎక్కువ భాగం కేటాయించండి. ఏపర్చర్ ప్రయారిటీలో (లెన్స్ రంధ్రం సైజు మనం పెట్టి, షట్టర్ వేగం కెమెరాకు వదిలే మోడ్) ఎఫ్/16, ఐఎస్ఓ 100, ఎక్స్‌పోజర్ ప్లస్ 1. ఫోకస్ మాన్యువల్‌లో ఇన్ఫినిటీకి తిప్పేయండి. తెల్ల కాగితాన్ని ఒక జానెడు దూరంలో ఫ్రేమ్ నిండా పెట్టి క్లిక్ చేసి, షట్టర్ తెరిచి ఉన్న సెకనులో కెమెరాను కొంచెం కదిలించండి. కాగితం మీది మరకలు చెరిగిపోతాయి, సెన్సర్ మీదివి మాత్రమే నిలుస్తాయి. ఫోటోను ల్యాప్‌టాప్‌లో 100 శాతానికి పెంచి ఎడమ పై మూల నుంచి వరుసగా చూసుకుంటూ రండి. బూడిదరంగు గుండ్రటి చుక్కలు దుమ్ము. బ్లోయర్‌తో ఊది మళ్లీ తీయండి. జరిగితే, పోతే భయం లేదు. ఊదినా కదలకుండా, చుట్టూ లేత వలయంతో ఉంటే నూనె చుక్క కావొచ్చు. నికాన్ డీ600లో ఇదే జబ్బు ఉండేది, 2014లో కంపెనీ ఉచితంగా బాగుచేసి, అవసరమైతే షట్టర్ మార్చి ఇచ్చింది. డీ600 చవగ్గా వస్తే అది మార్పించుకున్నదో లేదో అడగకుండా కొనకండి. చుక్క బొమ్మలో పైన ఉంటే సెన్సర్ మీద కింద ఉంటుంది, తలకిందులు. బ్లోయర్ పట్టేటప్పుడు ఇది గుర్తుండాలి.

చుక్క కాకుండా సన్నటి రంగు గీత ఫ్రేమ్ అంతా పాకి ఉంటే లేజర్ దెబ్బ కావొచ్చు. ఊరేగింపుల్లో, రిసెప్షన్లలో డీజే లేజర్ నేరుగా లెన్స్‌లో పడితే సెన్సర్ కాలిపోతుంది. దానికి క్లీనింగ్ లేదు, సెన్సర్ మార్చాల్సిందే. ఆ ఖర్చుతో పాత బాడీ కొత్తదాని ధరకు చేరుతుంది. పెండ్లి వీడియో బాడీలలో ఇది తప్పకుండా చూడండి. లెన్స్ మూత పెట్టి ఐఎస్ఓ 1600లో 8 సెకన్ల ఫోటో ఒకటి తీస్తే గీతలూ హాట్ పిక్సెళ్లూ (చీకట్లోనూ వెలిగే చుక్కలు) రెండూ తెలుస్తాయి. పదో పాతికో ఎర్ర, నీలి చుక్కలు కనబడటం సహజం, ఐఎస్ఓ 100లో 1/60 దగ్గర కూడా కనబడితేనే బేరం తగ్గించండి.

షట్టర్ కోసం ఆరుబయటికి రండి. 1/4000లో ఖాళీ ఆకాశాన్ని పది ఫోటోలు తీయండి. ఫ్రేమ్ ఒక వైపు నల్లబడుతుంటే షట్టర్ రెండు తెరల్లో ఒకటి వెనకబడుతోంది. ఇది పోబోయే షట్టర్. మిర్రర్‌లెస్‌లో ఈ పరీక్షకు ముందు మెనూలో మెకానికల్ షట్టర్ ఎంచుకోండి. తర్వాత బర్స్ట్‌లో (బటన్ వదలకుండా వరుసగా) ముప్పై తీయండి, మధ్యలో ఆగకూడదు. కెనాన్‌లో స్క్రీన్ మీద ఎర్ 01 అనే ఎర్రర్ కోడ్ వస్తే బాడీకీ లెన్స్‌కూ మధ్య కాంటాక్టుల గొడవ, తుడిస్తే పోవచ్చు. ఎర్ 30 వస్తే షట్టర్ గొడవ, లేచి వచ్చేయండి.

ఆటోఫోకస్‌కు దినపత్రికను టేబుల్ మీద పరిచి, మధ్యలో ఒక వరుస కింద గీత గీసి, కెమెరాను 45 డిగ్రీల వాలులో పెట్టి, లెన్స్ పూర్తిగా తెరిచి (అతి చిన్న ఎఫ్ నంబరు పెట్టి) ఆ గీత మీద ఫోకస్ చేయండి. ఒక్కోసారి ఫోకస్ చెదరగొట్టి మళ్లీ చేస్తూ పదిసార్లు తీయాలి. ప్రతిసారీ గీతకు ముందరే, లేదా ప్రతిసారీ వెనకే పడుతుంటే మెనూలో సరిదిద్దుకోవచ్చు. అయితే 200డీ, 1500డీ, డీ3500, డీ5600లలో ఆ సౌకర్యం లేదు. ఒకసారి ముందు, ఒకసారి వెనక పడుతుంటే అది సర్దుబాటుకు లొంగదు.

ఇక మిగిలినవి వేగంగా: రెండు కార్డు స్లాట్లలోనూ రాయించండి, మీ ఫ్లాష్ పెట్టి వెలిగించండి, హెచ్‌డీఎంఐ, మైక్ సాకెట్లలో వైరు గుచ్చి కదిలించండి, ప్రతి బటన్, ప్రతి డయల్ నొక్కండి. వీడియోకు కొంటుంటే 4కెలో ఇరవై నిమిషాలు ఆపకుండా తీయండి. ఏసీ గదిలో కాదు, బయట నీడలో.

లెన్స్ పరీక్ష

రెండు మూతలూ తీసి, వెనక వైపు నుంచి టార్చి వేసి, ముందు నుంచి కొంచెం వాలుగా చూడండి. లోపల దుమ్ము రేణువులు నక్షత్రాల్లా మెరుస్తాయి. మన ప్రాంతంలో దుమ్ము లేని జూమ్ లెన్స్ ఉండదు, అవి బొమ్మలో కనబడవు. ఫంగస్ తీరు వేరు. అంచు దగ్గర మొదలై చెట్టు వేర్లలా, సాలెగూడు పోగుల్లా లోపలికి పాకుతుంది. "తుడిపిస్తే పోతుందన్నా" అంటారు. పోగు పోతుంది, దాని కింద కోటింగ్‌ను తినేసిన మచ్చ మిగులుతుంది. పైగా దాన్ని మీ మిగతా లెన్స్‌లతో ఒకే పెట్టెలో పెట్టాలంటే భయం. ఎంత తగ్గించినా వద్దు. గాజు లోపల పొగ పట్టినట్టు తెల్లటి మసక ఉంటే వెలుతురుకు ఎదురుగా తీసినప్పుడు బొమ్మ వెలిసిపోతుంది, అదీ వద్దు.

జూమ్ రింగు తిప్పి చెవి దగ్గర పెట్టుకోండి. కరకరమంటే ఇసుకో, పసుపో, కుంకుమో లోపలికి పోయింది. తలంబ్రాల ముందు నిలబడి తీసిన లెన్స్‌లకు ఇది మామూలే. రింగు మధ్యలో ఒకచోట పట్టేస్తే లోపల రోలర్ అరిగింది. ఏపర్చర్ ప్రయారిటీలో ఎఫ్/2.8, 4, 8, 16 దగ్గర ఒకే గోడను తీయండి. నాలుగూ ఒకే వెలుతురుతో రావాలి. 16 దగ్గర తెల్లబారితే ఏపర్చర్ రెక్కలు నూనెతో అంటుకుని సమయానికి మూసుకోవడం లేదు. చివరగా ఇటుక గోడకు సూటిగా నిలబడి లెన్స్ పూర్తిగా తెరిచి ఒక ఫోటో. నాలుగు మూలల్లో మూడు పదునుగా, ఒకటి మసకగా ఉంటే లోపల గాజు పక్కకు జరిగింది, కింద పడిన లెన్స్ ఇలాగే పట్టుబడుతుంది.

కాగితాలు, డబ్బు

సీరియల్ నంబరు బాడీ మీద, పెట్టె మీద, బిల్లు మీద ఒకటే ఉండాలి. బిల్లు లేదంటే ధర తగ్గించి తీసుకోవడం పరిష్కారం కాదు. దొంగసొత్తని తెలిసీ, లేదా తెలుసుకోవడానికి కారణాలుండీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. మరీ చవగ్గా, పెట్టె లేకుండా, బిల్లు లేకుండా వస్తే అదే ఒక కారణం అవుతుంది. అమ్మినట్టు ఒక కాగితం రాయించుకోండి. అందులో మోడల్, సీరియల్ నంబరు, షట్టర్ కౌంట్, ధర, తేదీ, ఇద్దరి సంతకాలు, ఆయన గుర్తింపు కార్డు జిరాక్స్ ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానో, యూపీఐ ద్వారానో ఇవ్వండి. వారం రోజుల్లో లోపం బయటపడితే వెనక్కి తీసుకుంటానని అదే కాగితంలో ఒక వాక్యం రాయమని అడగండి. తెలిసిన స్టూడియోల వాళ్లు కాదనరు. మొహం మాడ్చుకునేవాళ్ల దగ్గర ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

కొత్తదే అని తేలితే

కొత్తదైనా కళ్లు మూసుకుని కొనకూడదు. దిగుమతి చేసుకున్న వస్తువు పెట్టె మీద ఇక్కడి దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కర్ చట్టప్రకారం ఉండాలి. అది లేకుండా కొన్ని వేలు తక్కువకు ఇస్తున్నారంటే బయటి దేశం నుంచి దొడ్డిదారిన వచ్చిన పీసు. దానికి ఇక్కడి సర్వీస్ సెంటర్లో వారంటీ దొరకదు. మనం వారంటీ కోసమే కొత్తది కొంటున్నాం కాబట్టి అలాంటి పీసు పాతదాని కన్నా అధ్వాన్నం.

కిట్‌లో వచ్చే లెన్స్, బ్యాటరీ, బెల్టు విడదీసి అమ్మే అంగళ్లున్నాయి. పెట్టె మీది జాబితా చదివి ఒక్కొక్కటీ లెక్క చూసుకోండి. వారంటీ కార్డు మీద అంగడి ముద్ర, తేదీ వేయించుకుని, ఆ రాత్రే కంపెనీ సైట్లో రిజిస్టర్ చేయండి. తర్వాత మొదటి వారంలోనే పైన చెప్పిన సెన్సర్, షట్టర్, ఫోకస్ పరీక్షలన్నీ కొత్తదానికీ చేయండి. లోపం ఉంటే పీసు మార్పించుకోవడానికి వారంలో పోయినవాళ్ల మాటకు ఉండే బలం నెల తర్వాత పోయినవాళ్ల మాటకు ఉండదు. ఆ పరీక్ష ఫోటోలను, సీరియల్ నంబరు కనబడేలా తీసిన ఫోటోను, బిల్లును కలిపి మెయిల్‌లో మీకు మీరే పంపుకుని ఉంచండి. రేపు సర్వీస్‌కు పోయినా, పోలీస్ స్టేషన్‌కు పోయినా, మళ్లీ అమ్మబోయినా మొదట అడిగేది అవే.